కలివేరు కుర్రాడు ఎక్కిన కొండ

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)



సంఘం నిధితో బడికి ముఖద్వారం కట్టిద్దామా, లేక ఏటా తొమ్మిదో తరగతి పిల్లల్ని నాలుగు రోజులు కొండలెక్కించి తీసుకొద్దామా అని కార్యవర్గంలో వాదన నడుస్తోంది. నాది రెండో పక్షం. ఎందుకో చెప్పడానికే అయిదు నిమిషాలు అడిగాను.

మన భద్రాచలం ఉన్నది సముద్రమట్టానికి దాదాపు 50 మీటర్ల ఎత్తున. మనకు కొండంటే భద్రగిరి. మెట్లెక్కితే స్వామి దర్శనం, దిగితే పులిహోర. అలాంటి నేల నుంచి, చర్ల మండలం కలివేరు నుంచి, సైకిళ్ళు బాగుచేసే ఆయన కొడుకు సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు మీద నిలబడ్డాడు. 8,848 మీటర్లు. అదే బృందంలో నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ కూడా ఎక్కింది. ఆ పిల్లకు అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆనంద్ చదివింది మన అన్నపురెడ్డిపల్లి సాంఘిక సంక్షేమ గురుకులంలో. అప్పటికి ఇదంతా ఖమ్మం జిల్లాయే కదా.

శిఖరం ఫోటో అందరూ చూశారు. నాకు దానికంటే ముందు జరిగింది ముఖ్యం. గురుకులాల అప్పటి కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పూనుకుంటే, శిక్షకుడు శేఖర్ బాబు పిల్లల్ని మొదట భువనగిరి ఏకశిల మీద ఎక్కించారు. తర్వాత కొందరిని డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థకు, ఆ తర్వాత వారిలో కొందరిని చలికాలంలో లడఖ్‌కు పంపారు. ఎక్కడికక్కడ జల్లెడ పట్టారు. చివరికి ఇద్దరు మిగిలారు. మిగతావాళ్ళు ఓడారని నేననను. తాడును నమ్మి బండ మీద నుంచి వెనక్కి వాలి దిగిన పిల్లకు ఆ తర్వాత లెక్కల పరీక్ష ఏపాటి?

పేద పిల్లలతో ఇంత సాహసమేమిటని అడిగినవాళ్ళు ఉన్నారు. ఆ ప్రశ్న తప్పేమీ కాదు. ఆ ఏప్రిల్ 18నే నేపాల్ వైపు మంచు కూలి 16 మంది పోయారు. పదహారేళ్ళు నిండనివారికి నేపాల్ వైపు అనుమతి లేదు కాబట్టి మన పిల్లలు టిబెట్ వైపు నుంచి ఎక్కారు. కానీ డబ్బున్న ఇంటి పిల్లాడు వెళ్తే సాహసం, గురుకులం పిల్ల వెళ్తే ప్రమాదమా? ప్రమాదం ఇద్దరికీ ఒకటే. తేడా తర్ఫీదులో ఉంటుంది.

నేను ఎవరెస్టు అడగడం లేదు, కంగారు పడకండి. భువనగిరిలో శిక్షకుల దగ్గర రెండు రోజులు బండ మీద, తర్వాత రెండు రోజులు అటవీశాఖ అనుమతి ఉన్న దారిలో నడక. ఇరవై మంది పిల్లలకు నలుగురు పెద్దలు, అందులో ఇద్దరు ఆడవాళ్ళు. ముందొకరు, చివర ఒకరు. అందరికంటే నెమ్మదిగా నడిచే పిల్ల ఏ వేగంతో నడిస్తే అదే అందరి వేగం. బూట్లు నెల ముందే ఇవ్వాలి. కొత్త బూట్లతో కొండకు తీసుకెళ్తే మొదటి పూటకే మడమలు బొబ్బలెక్కుతాయి. దోమతెరలు, ఓఆర్ఎస్ పొట్లాలు, అమ్మాయిలకు కావాల్సినవి మనమే కొనాలి. పిల్లల్ని తెచ్చుకోమనకూడదు, తేలేని పిల్లలు రానంటారు. ఎండాకాలం వద్దు, డిసెంబరు మేలు. తునికాకు కోతకు పోయే పిల్లలకు వేసవి సెలవులు సెలవులే కావు.

మన పిల్లలకు నడక నేర్పేదేముంది అన్నారొక మిత్రుడు. నిజమే, గూడెం నుంచి బడికి రోజూ నడిచేవాళ్ళున్నారు. కానీ వాళ్ళ నడకను ఇప్పటిదాకా ఎవరూ గొప్పగా చూడలేదు. పట్నం పిల్ల ఆయాసపడే చోట మన కోయ పిల్ల చేయందించడం వాళ్ళిద్దరూ చూడాలి, టీచర్లూ చూడాలి.

భోజనాల పందిరి దగ్గర పీఈటీ సారు పుస్తకం పట్టుకుని కూర్చుంటారు. ఒక పిల్లకు బూట్లు కొనిస్తారా, నాలుగు రోజుల తిండి ఖర్చు పెట్టుకుంటారా, లేక వెంట నడుస్తారా, ఏది వీలైతే అది రాయండి. డాక్టర్లయిన మన బ్యాచ్‌లవాళ్ళు మాత్రం మూడోదే రాయాలని నా మనవి.