బదిలీల బతుకు తర్వాత ఇల్లు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

‘విశ్రాంత జీవితంలో నివాసం’ అనే అంశంపై నన్ను మాట్లాడమన్నారు. పదిహేను నిమిషాలు ఇచ్చారు. గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కనుక నోటు రాసుకొని వచ్చాను. నోటు దాటి పోను.

అమెరికాలో పిల్లలున్న మన సభ్యులు అక్కడికి పోయి వచ్చి ఒక వింత చెబుతుంటారు. అక్కడ రిటైరైన భార్యాభర్తలు కొందరు ఉన్న ఇల్లు అమ్మేసి మోటారు హోమ్ అనే పెద్ద బండి కొంటారు. మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ అందులోనే. ఊరూరా తిరుగుతూ ఆ బండిలోనే కాపురం. వింటే మనకు నవ్వు వస్తుంది. కానీ మన సర్వీసు సంగతి ఒకసారి తలచుకోండి. నేను పాత ఆదిలాబాదు జిల్లాలో లక్షెట్టిపేట, ఆసిఫాబాద్, ఉట్నూరు, చెన్నూరు, నిర్మల్, మళ్ళీ ఆసిఫాబాద్, చివరకు ఈ బెల్లంపల్లి, ఇన్ని తావుల్లో కిరాయి ఇళ్ళలో ఉన్నాను. బదిలీ ఉత్తర్వు రాగానే లారీ మాట్లాడటం, బిందెల్లో గిన్నెలు సర్దటం, పిల్లల టి.సి.లు తీసుకోవటం. వాళ్ళ బండి ఇంజనుతో కదులుతుంది, మన బండి రిలీవింగ్ ఆర్డరుతో కదిలేది. అంతే తేడా.

ఆ బండివాళ్ళకు కూడా ఒక రోజు వస్తుంది. బండి మెట్లు ఎక్కలేరు, చీకటి పడితే నడపలేరు. అప్పుడెక్కడికి పోవాలి? టెక్సాస్ రాష్ట్రంలో లివింగ్‌స్టన్ అనే ఊళ్ళో, ఎస్కేపీస్ అనే బండి సంచారుల క్లబ్బు ఇందుకోసం ‘కేర్’ అనే కేంద్రం పెట్టింది. తిరగలేనివారు తమ బండిని అక్కడే నిలిపి, అందులోనే ఉంటారు. వేళకు భోజనం, దవాఖానకు తీసుకుపోయే ఏర్పాటు, పగటిపూట చూసుకునే మనుషులు ఉంటారు. పాత ఇల్లు వదలలేదు, కొత్త ఇల్లు కట్టలేదు. పక్కన మనిషిని మాత్రం ఏర్పాటు చేసుకున్నారు. ఈ ముందుచూపు నాకు నచ్చింది.

మనం సర్వీసులో ఉన్నన్నాళ్ళు ఆఫీసుకు దగ్గరా, బడికి దగ్గరా అని చూసి ఇల్లు తీసుకున్నాం. ఇప్పుడు ఆఫీసు లేదు, బడి లేదు. మరి దేన్ని చూసి ఇల్లు చూసుకోవాలి? నా ఉద్దేశ్యంలో, ఆ ఇంట్లో ఆఖరున ఒంటరిగా మిగిలేది ఎవరో వారిని చూసి. మన తరంలో భార్యలు మనకన్నా అయిదారేళ్ళు చిన్నవారు. కనుక చాలా ఇళ్ళలో మిగిలేది ఆమే. ఇది చెప్పుకోవటానికి ఎవరికీ మనసొప్పదు. ఇల్లు కట్టేనాడు గృహప్రవేశం ముహూర్తం చూస్తాం గాని ఈ లెక్క చూడం.

లెక్క కాగితం మీదే చూద్దాం. పూర్తి సర్వీసు చేసినవాడికి ఆఖరి మూలవేతనం 50,000 రూపాయలైతే మూల పెన్షన్ 25,000. అతడు పోయాక, హెచ్చు రేటు ఫ్యామిలీ పెన్షన్ గడువు తీరితే, ఆమెకు వచ్చేది 30 శాతం, అంటే 15,000. పైన కరువు భృతి ఉంటుంది, నిజమే. ఇంటి అద్దె భత్యం మాత్రం రిటైరైన నాడే పోయింది. మరి ఇంటాయన పోయాడని కిరాయి ఎవరైనా తగ్గిస్తారా? అందుకే కిరాయి ఇంట్లో ఉన్నవారు ముందుగా ఈ 15,000లో కిరాయి, మందులు, ఇంటి ఖర్చు ఎల్లుతాయా లేదా అని చూసుకోవాలి. సొంత ఇల్లున్నవారు ఆ ఇల్లు ఆమె పేరు మీదైనా, ఇద్దరి పేరు మీదైనా ఉందో లేదో చూసుకోవాలి.

రిటైరైనప్పుడు వచ్చిన గ్రాట్యుటీ, కమ్యుటేషన్ మొత్తం సిమెంటులో పోసినవారు మనలో ఎందరో ఉన్నారు. కమ్యుటేషన్ అంటే 40 శాతం పెన్షన్ ముందుగా అమ్ముకోవటం. 15 ఏళ్ళు కోత పడుతుంది. ఆ పైసలతో కింద రెండు అర్రలు, పైన రెండు అర్రలు వేస్తాం, కొడుకు వస్తాడని. కొడుకు హైదరాబాదులో ఉంటాడు. మన బొగ్గు గనుల ఎండ మీకు తెలియంది కాదు. మే నెలలో పై స్లాబు కింద ఎవరూ పడుకోలేరు. ఆ పై అంతస్తుకు పెట్టిన దాంట్లో పదో వంతు కింది స్నానాల గదికి పెడితే చాలు. గరుకు గచ్చు, గోడకు పట్టుకునే కడ్డీ, కుర్చీలా కూర్చునే మరుగుదొడ్డి, బయటినుంచి కూడా తీయగల గడియ, మంచం నుంచి చేతికందే లైటు స్విచ్చి. వాస్తు తెలిసిన పెద్దలు నన్ను మన్నించాలి. మరుగుదొడ్డి ఏ మూలనైనా ఉండనివ్వండి, రాత్రి రెండు గంటలకు లేచినవారికి గడప దాటే పని మాత్రం పెట్టకండి. అక్కడ జారిపడితే తుంటి ఎముక విరగవచ్చు.

ఇక మన ఊరి సంగతి. సింగరేణి కార్మిక సోదరులు సర్వీసంతా క్వార్టర్లో ఉండి, రిటైరై క్వార్టరు ఖాళీ చేయవలసిన రోజున ఎక్కడికని వెదుక్కున్నవారే. పట్టణంలో పాత గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాక ఎందరో వెళ్ళిపోయారు. అందువల్ల ఇక్కడ ఇల్లు దొరకటం కష్టం కాదు, కాగితం సరిగా ఉన్న ఇల్లు దొరకటం కష్టం. కంపెనీ జాగల్లో కట్టుకున్న ఇళ్ళు ఏళ్ళ తరబడి బాండు పేపరు మీదే చేతులు మారాయి. తర్వాత జీవో 76 కింద ఇలాంటి జాగల్లో ఉన్నవారికి పట్టాలు ఇచ్చారు. కొనేముందు అమ్మేవారి పేరున పట్టా వచ్చిందా, ఇ.సి. ఏమంటున్నది, లింకు దస్తావేజులు ఉన్నాయా చూడండి. మునిసిపాలిటీ ఇంటి పన్ను రసీదు చూపించి ‘ఇదుగో కాగితం’ అనేవారుంటారు. ఇంటి పన్ను రసీదు పన్ను కట్టినందుకు రుజువే గాని హక్కు పత్రం కాదు. నలభై ఏళ్ళు రెవెన్యూ ఫైళ్ళు చూసిన ఎవరినైనా అడగండి.

కొందరు ‘ఇల్లెందుకు, పిల్లలున్నారుగా’ అంటారు. కొడుకు దగ్గర ఆరు నెలలు, బిడ్డ దగ్గర ఆరు నెలలు. ఇదీ బదిలీయే, టి.ఏ. బిల్లు లేని బదిలీ. పిల్లలు మంచివారే కావచ్చు. కానీ మందుల సంచి, చేతిసంచి పట్టుకొని ఏడాదికి రెండుసార్లు రైలెక్కటం డెబ్బై అయిదు దాటాక ఎంతకాలం సాగుతుంది? పోవద్దని నేననను. పోండి, ఉండండి. ఇక్కడి ఇంటి తాళం చెవి మాత్రం మీ దగ్గరే ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైంది దానపత్రం సంగతి. మన మిత్రుడొకరి భార్య, పేరు చెప్పను, నిరుడు నా దగ్గరకు దరఖాస్తు రాయించుకోవటానికి వచ్చింది. భర్త పోయిన ఏడాదికే కొడుకు, బ్యాంకు అప్పు కావాలంటే ఇల్లు నా పేరున ఉండాలి అన్నాడు. ఆమె రిజిస్ట్రీ చేసి ఇచ్చింది. ఇప్పుడు అదే ఇంట్లో, ఒకప్పుడు బొగ్గు, కట్టెలు పెట్టుకున్న వెనక అర్రలో ఉంటున్నది. అన్నం పెడితే తింటుంది. దస్తావేజు తెమ్మని చదివాను. ‘ప్రేమాభిమానాలతో ఇచ్చితిని’ అని ఉంది. పోషించాలన్న మాట ఒక్కచోట కూడా లేదు.

2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చేసింది. అందులో 23వ సెక్షను ప్రకారం, చూసుకోవాలన్న షరతుతో ఆస్తి ఇస్తే, పుచ్చుకున్నవారు చూసుకోకపోతే ఆ దానాన్ని రద్దు చేయవచ్చు. అయితే షరతు ఉన్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో ఒక కేసులో చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో అదే కోర్టు, ఈ చట్టాన్ని వృద్ధుల మేలు కోరి ఉదారంగా చదవాలని చెప్పి, దానపత్రం రద్దు చేసి ఆస్తి ఆమెకు ఇప్పించింది. అక్కడ చూసుకుంటానని కొడుకు రాసిచ్చిన కాగితం ఉంది. మన ఆమె దగ్గర అదీ లేదు. ఆమె దరఖాస్తు ఇంకా విచారణలోనే ఉంది.

కాబట్టి పిల్లలకు ఇవ్వదలచుకుంటే వీలునామా రాయండి. ఇద్దరు సాక్షులు చాలు, స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్టరు చేయిస్తే మరీ మంచిది, బ్రతికుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. తప్పనిసరై దానపత్రమే రాయవలసి వస్తే, తాము ఇద్దరమూ బ్రతికున్నంతకాలం ఆ ఇంట్లో నివసించే హక్కు తమదేనని, పోషణ బాధ్యత పుచ్చుకున్నవారిదని దస్తావేజులోనే రాయించండి. కొడుకు ఏమనుకుంటాడో అని మొగమాటపడతారు. వాడు మంచివాడైతే ఆ వాక్యం వాడికి అడ్డం రాదు.

రివర్స్ మార్టిగేజ్ అని ఒకటుంది. 60 దాటినవారు తమ స్వార్జిత ఇంటిని బ్యాంకుకు కుదువపెట్టి, ఆ ఇంట్లోనే ఉంటూ నెలనెలా కొంత పైకం తీసుకోవచ్చు. దంపతులిద్దరూ పోయాక వారసులు బాకీ కట్టి ఇల్లు విడిపించుకోవచ్చు, లేదా బ్యాంకు అమ్ముకుంటుంది. 2007 బడ్జెటులో ప్రకటించారు. మన వైపు దీన్ని వాడుకున్నవారు నాకు తారసపడలేదు. స్పష్టమైన హక్కు పత్రం లేనిదే బ్యాంకు ముట్టుకోదు.

వృద్ధాశ్రమాల గురించి ఒక్క మాట. పోదలచినవారు రంగుల కరపత్రం చూసి పైసలు కట్టకండి. చెప్పకుండా పోయి ఒక పూట అన్నం తిని రండి, రాత్రిపూట ఎవరుంటారో అడగండి.

పోషణ కోసం దరఖాస్తు ఆర్.డి.ఓ. గారి దగ్గర పెట్టుకోవాలి. మన బెల్లంపల్లి 2016లో రెవెన్యూ డివిజన్ అయింది కనుక దూరం పోనక్కర లేదు. వకీలును పెట్టుకోవలసిన అవసరం లేదు. దరఖాస్తు నమూనా తెలుగులో రాసి, జీవితకాల నివాస హక్కు వాక్యం దాని వెనక రాసి, యాభై ప్రతులు జిరాక్సు తీయించాను. కార్యదర్శిగారి బల్ల మీద ఉన్నాయి. వృద్ధుల సహాయానికి ఫోను నంబరు 14567 కూడా కింద వేశాను. చదవటం రానివారి కోసం టీ తర్వాత ఈ కిటికీ పక్కన కూర్చుంటాను, మీ దస్తావేజులు తెచ్చిన వారు అక్కడికి రండి.