ప్రయాణంలో ఒక ఖరీదైన పూట



ఈరోజు ఒక ఖర్చును గురించి మాట్లాడుకుందాం. సూలూరు చుట్టుపక్కల మన తెలుగిళ్లలో ఇటీవల తరచుగా వినిపిస్తున్న ఖర్చు ఇది. కొడుకో కూతురో కంపెనీ పని మీద జపాను వెళతారు. నూలు మిల్లులో ఇంజనీరైతే యంత్రాలు చూడడానికి క్యోటో వెళ్లవచ్చు. కంప్యూటరు ఉద్యోగమైతే టోక్యోకో ఒసాకాకో వెళ్లవచ్చు. వెళ్లినవాళ్లు ఒకనాడు ఇంటికి ఫోను చేసి, "నిన్న కోబే మాంసం తిన్నాం, ఒక్క పూటకే పన్నెండు వేల రూపాయలైంది" అంటారు. ఇవతల తల్లికి నోట మాట రాదు. పన్నెండు వేలంటే ఇంటికి నెల సరుకులు! "ఇది జల్సా కాదా, దుబారా కాదా?" అని తండ్రి అడుగుతాడు.

ముందుగా ఒక్క మాట. ఇది ఎద్దుమాంసానికి సంబంధించిన విషయం. మన శ్రోతల్లో అసలు మాంసమే ముట్టనివారున్నారు, మేకమాంసం, కోడిమాంసం తిని దీన్ని తిననివారున్నారు, దీన్నీ తినేవారున్నారు. ఎవరి ఆచారం వారిది. తినమనిగాని మానమనిగాని చెప్పడం ఈ ప్రసంగం ఉద్దేశం కాదు. అంత ధర పెట్టేటప్పుడు ఆ ధరలో ఏముందో తెలుసుకోవడమే మన పని.

మన ప్రాంతంలోనే పుట్టిన ఒక పెద్దమనిషి ఖర్చును తలుచుకుందాం. జి.డి.నాయుడుగారు 1893లో ఇక్కడికి దగ్గరలోని కలంగల్‌లో పుట్టారు. కుర్రతనంలో ఒక దొర ఎక్కి తిరిగే రడ్జ్ మోటారు సైకిలు చూసి మనసు పడ్డారు. ఇంట్లో అడగలేదు, అప్పు చేయలేదు. కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వరుగా పనిచేసి, మూడేళ్లు కూడబెట్టి, మూడు వందల రూపాయలకు ఆ బండిని కొన్నారని చెబుతారు. ఆ రోజుల్లో మూడు వందలు సామాన్యమైన మొత్తం కాదు. ఊళ్లోవాళ్లకు అదీ దుబారాగానే కనిపించి ఉంటుంది. కాని ఆయన బండిని ఊరేగడానికి మాత్రమే వాడుకోలేదు. భాగాలన్నీ విప్పి, మళ్లీ బిగించి, యంత్రం ఎలా నడుస్తుందో గ్రహించారు. తరువాత 1920లో బస్సు నడిపారు, 1937లో ఎలక్ట్రిక్ మోటారు తయారు చేశారు. కొన్నదాన్ని విప్పి చూసుకునే అలవాటు ఉంటే పెద్ద ఖర్చు కూడా చదువే అవుతుంది. ఆ కోబే పళ్లేన్నీ మనం అలాగే విప్పి చూద్దాం.

జపానులో మాంసాహారం చాలాకాలం అదుపులో ఉంది. బౌద్ధ ప్రభావంతో 675లో తెన్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలను ఏడాదిలో కొన్ని నెలలపాటు నిషేధించాడు. ఆ తరువాత కూడా పశువును రైతు పొలం పనికే పెట్టుకున్నాడు. హ్యోగో ప్రాంతంలో తజిమా అనే కొండసీమ ఉంది. అక్కడి చిన్న చిన్న మెట్టమళ్లలో నల్లని పొట్టి పశువులు దున్నేవి, బరువులు మోసేవి. 1868లో కోబే రేవును విదేశీయులకు తెరిచారు. ఓడల్లో వచ్చిన తెల్లవారు ఆ పశువుల మాంసం రుచి చూసి మెచ్చుకున్నారు. రేవు పేరే మాంసానికి పేరైంది. 1872లో మెయిజీ చక్రవర్తి తాను గోమాంసం తిన్నట్టు ప్రజలకు తెలియజేశాడు. అప్పటినుంచి జనంలో సంకోచం తగ్గుతూ వచ్చింది.

ఇక్కడ ఒక ప్రమాదం తప్పింది. ఎక్కువ మాంసం రావాలని అక్కడివారు ఐరోపా ఆంబోతులను తెచ్చి సంకరం చేశారు. అసలు జాతి పలచబడిపోయింది. అయితే తజిమా రైతులు కొందరు తమ పశువుల వంశావళి రాసిపెట్టుకున్నారు. 1939లో ఆ సీమలో తజిరి అనే ఆంబోతు పుట్టింది. ఈనాడు జపాను నల్లజాతి పశువుల్లో దాదాపు అన్నీ దాని సంతతేనని అక్కడి లెక్కలు చెబుతున్నాయి. యుద్ధం తరువాత ట్రాక్టర్లు వచ్చి దుక్కిటెద్దుకు పని పోయినప్పుడు, ఆ వంశావళి పుస్తకాలే ఆ జాతిని నిలబెట్టాయి.

ఇప్పుడు పేర్ల సంగతి. మన పిల్లలు మోసపోయేది ఇక్కడే. వాగ్యూ అంటే జపాను పశువు అని మాత్రమే అర్థం. అందులో నాలుగు జాతులున్నాయి. కోబే మాంసమంతా వాగ్యూనే, వాగ్యూ అంతా కోబే కాదు. తజిమా వంశంలో పుట్టి, హ్యోగోలోనే పెరిగి, అక్కడి కబేళాకే చేరిన పశువై ఉండాలి. కండలో కొవ్వు చారలు ఎంత సన్నగా, ఎంత దట్టంగా అల్లుకున్నాయో చూసి 12 వరకూ అంకె వేస్తారు. 6 గాని, అంతకు పైన గాని వస్తేనే కోబే పేరు దక్కుతుంది. ఈ పేరును కాపాడడానికి 1983లో ఒక సంఘం ఏర్పడింది. 2015లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన కోయంబత్తూరు గ్రైండరుకు ఉన్నదీ అలాంటి గుర్తింపే. ఇక కొకుసాన్ అని రాసి ఉంటే జపానులో పెరిగిన పశువని మాత్రమే. అది పాలజాతి పశువు కూడా కావచ్చు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెత అక్కడి బోర్డులకూ పనికొస్తుంది.

సరే, అసలుదో కాదో తెలుసుకోవడమెలా? జపానులో 2001లో పిచ్చి ఆవు వ్యాధి బయటపడింది. జనం భయపడి మాంసం కొనడం తగ్గించేశారు. ఆ నమ్మకాన్ని తిరిగి తెచ్చుకోవడానికి 2003లో చట్టం చేసి ప్రతి పశువుకూ 10 అంకెల సంఖ్య ఇచ్చారు. ఆ సంఖ్యతో వెతికితే పశువు ఎక్కడ పుట్టింది, ఎక్కడెక్కడ పెరిగింది, ఏనాడు కబేళాకు వెళ్లింది అన్నీ తెలుస్తాయి. కోబే సంఘంలో చేరిన అంగళ్లలో ఒక కంచు ఎద్దు బొమ్మ ఉంటుంది, పశువు సంఖ్యతో ధ్రువపత్రం ఉంటుంది. అడిగి చూడడంలో నామోషీ లేదు. అక్కడివాళ్లు సంతోషంగా చూపిస్తారు. ఆ పశువులకు బీరు తాగిస్తారని, ఒళ్లు పిసుకుతారని కథలు ప్రచారంలో ఉన్నాయి. అవి అక్కడి సాధారణ పద్ధతులు కావు. ఆ కథ చెప్పి ధర పెంచేవాళ్లను నమ్మనక్కరలేదు.

ధర విషయానికి వద్దాం. కోబే నగరంలో పేరున్న అంగడిలో రాత్రి భోజనం మనిషికి పదిహేను, ఇరవై వేల యెన్లు అవుతుంది, అంతకు మించీ కావచ్చు. ఇటీవలి మారకం ప్రకారం 10,000 యెన్లంటే మనకు ఐదారు వేల రూపాయలు. అదే అంగడిలో పగటి భోజనం చాలా తక్కువకు దొరుకుతుంది. కాబట్టి పగలే వెళ్లమనండి. ఒసాకాలో బస చేసినా రైల్లో అరగంటలో కోబే చేరవచ్చు. మాంసం తూకాన్ని బట్టి ధర ఉంటుంది గనుక కూర్చోకముందే ఎన్ని గ్రాములో అడగాలి. నూరు గ్రాములు చాలు. కొవ్వు వెన్నలా కరిగిపోయే మాంసం అది, నాలుగు ముక్కలకే కడుపు నిండినట్టవుతుంది. రెండు వందలు తీసుకున్నవాడికి సగం నుంచి మొహం మొత్తుతుంది. అక్కడ టిప్పు ఇచ్చే ఆచారం లేదు, ఆ డబ్బు మిగులుతుంది. ఇంకొక మాట. ఇంట్లోవాళ్లకు రుచి చూపిద్దామని మూట కట్టుకు రావడం కుదరదు. గోమాంసం దిగుమతిని మన దేశం నిషేధించింది.

తిననివారి పిల్లలకూ ఈ ప్రయాణం ఉంది కదా! వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కూరగాయల పులుసని తెచ్చినా అందులో చేపతో కాచిన రసం ఉంటుంది. ముందే అడగాలి. ఒక్క పూట ఘనంగా తినాలని ఉంటే ఒసాకాకు దక్షిణాన కోయాసాన్ కొండ మీద బౌద్ధమఠాలున్నాయి. అక్కడ రాత్రి బసచేస్తే మాంసం, చేప లేని మఠభోజనం పెడతారు. నువ్వులతో చేసిన జున్ను లాంటి వంటకం, ఎండబెట్టిన సోయా తోఫు వరసగా చిన్న గిన్నెల్లో వస్తాయి. అదీ చౌక కాదు. అందులోనూ శతాబ్దాల పనితనం ఉంది.

ఇప్పుడు మన ఊరి వైపు చూపు తిప్పుదాం. సూలూరు నుంచి పల్లడం దాటి వెళితే కాంగేయం వస్తుంది. కాంగేయం ఎద్దును ఎరగని రైతు ఈ సీమలో లేడు. దూడగా ఎర్రగా పుట్టి, ఆరు నెలలకు బూడిదరంగు తిరుగుతుంది. ముళ్లకంచె వేసిన కొరంగాడు మేతబీళ్లలో, వానలు తక్కువైన నేలలో, గట్టి గడ్డి మేసి బతుకుతుంది. మోట తోలింది, బండి లాగింది, మన తాతలకు సేద్యం చేసిపెట్టింది. పాళయకోట్టై పట్టగార్లు ఈ జాతిని ఎంచి పెంచారు. తరువాత పంపుసెట్టు వచ్చి మోట పోయింది, ట్రాక్టరు వచ్చి నాగలి పోయింది. తజిమా ఎద్దుకు వచ్చిన కష్టమే దీనికీ వచ్చింది. ఏటేటా మంద తగ్గుతోంది, మేతబీళ్లు ఇళ్ల స్థలాలవుతున్నాయి.

జపాను వాళ్లు తమ ఎద్దును పళ్లెంలోకి తెచ్చి దానికి విలువ కట్టారు. కాంగేయాన్ని మనం ఆ దారిలో నడిపించాలని అనడం లేదు. మన ఆచారం వేరు, దాని ఒడ్డూపొడుగూ వేరు. కాని వాళ్లు చేసిన మరో పని మనకూ చేతనవుతుంది. ప్రతి పశువుకూ తల్లి ఎవరో, తండ్రి ఎవరో రాసిపెట్టడం. పేరును మోసం కాకుండా కాపాడడం. ఆ పేరుకు కొనేవాడు నాలుగు డబ్బులు ఎక్కువ ఇవ్వడం. మన పశువుల చెవులకూ ఇప్పుడు 12 అంకెల పసుపు బిళ్లలు వేస్తున్నారు. ఆ అంకెల వెనక వంశం కూడా చేరితే, కాంగేయం పాలకు, కోడెకు, దున్నపోగా మిగిలిన మేతబీడుకు ఒక ధర పలుకుతుంది. ధర పలికితేనే రైతు కొడుకు దాన్ని పెంచుతాడు.

కాబట్టి జపాను నుంచి మీ అబ్బాయి ఫోను చేసి పన్నెండు వేలైందని చెప్పినప్పుడు వెంటనే కోప్పడకండి. మూడు ప్రశ్నలు అడగండి. నీ సొంత సంపాదనలోంచి, అప్పు లేకుండా పెట్టావా? అది అసలుదేనని కాగితం చూశావా? ఆ పశువును పెంచినవాళ్ల సంగతి ఏమైనా తెలుసుకున్నావా? మూడింటికీ అవునంటే ఆ డబ్బు దండగ కాలేదు. కాదంటే, వచ్చేసారి వెళ్లేటప్పుడు ఈ మూడూ చెప్పి పంపండి. తిరిగి వచ్చాక ఒక ఆదివారం అతన్ని వెంటబెట్టుకుని కాంగేయం వెళ్లి, మేతబీట్లో నిలబడ్డ ఆ ఎద్దును కూడా చూపించండి.