గర్భసంచి తీయించుకొనుటకు ముందు
(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు స్త్రీల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



చేట ఒడిలో పెట్టుకొని దినమెల్ల వంగి బీడీలు చుట్టువారికి నడుము నొప్పక యేమి చేయును? కాని ఆ నొప్పితోనో, తెల్లబట్ట యగుచున్నదనియో వైద్యశాలకు పోయినవారిలో కొందరు స్కానింగు కాగితముతోను, గర్భసంచి చెడినది, తీసివేయవలెనను మాటతోను తిరిగి వచ్చుచున్నారు. ఆ మాటను గూర్చియే నేడు మనవి చేయదలచినాను.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటిలో నూటికి 3 చిల్లర. తెలంగాణములో 8కి పైబడినారు. మన స్త్రీలు ఇతర రాష్ట్రములవారికంటె రెట్టింపు రోగిష్ఠులని నమ్మవలెనా?

వైద్యశాస్త్రములో ‘అతి నిర్ధారణ’ యను మాట కలదు. లేని రోగమును ఉన్నదని పొరబడుట కాదిది. యంత్రములో కన్పించిన మార్పు నిజమే. కాని దానిని వెదకి పట్టుకొనకున్నను ఆ మనిషికి ఏ బాధయు కలిగియుండదు. దక్షిణ కొరియాలో 1999లో క్యాన్సరు పరీక్షల పథకము మొదలైనది. దానివెంట స్వల్పవ్యయముతో గొంతు స్కానింగులుకూడ చేయసాగినారు. 2011 నాటికి థైరాయిడు క్యాన్సరని పేరుపడినవారు 1993 నాటికి 15 రెట్లయినారు. ఆ వ్యాధిచే మరణించువారి సంఖ్య మాత్రము మారలేదు! అమెరికాలో వైద్యము బోధించిన గిల్బర్ట్ వెల్చ్‌గారు, కొరియా వైద్యులు కలిసి 2014లో ఈ సంగతిని ప్రకటించిరి. ఈలోగా వేలకొలది జనులు గ్రంథి కోయించుకొని, జీవితాంతము మాత్రలపై నాధారపడిరి.

గర్భసంచి సంగతియు కొంతవర కిట్టిదే. అండాశయములో కన్పించు సాధారణ నీటిబుడగలు పెక్కు, రెండు మూడు నెలసరులు గడచునప్పటికి తామే తగ్గును. చిన్న కణితి బాధపెట్టకున్న దానిజోలికి పోనక్కరలేదు. ముట్లుడిగిన పిదప అది సాధారణముగా కృశించును. తెల్లబట్ట కొంత సహజము. అంటువలన వచ్చినచో మందులతో నయమగును. ఇక అండాశయములుకూడ తీసివేసినచో ముప్పదియేండ్ల యువతికైనను ఆనాటితో ముట్లుడుగును, ఎముకలు గుల్లబారును, గుండెజబ్బు ప్రమాదము హెచ్చును. మెదక్ జిల్లా గ్రామములలో ఇట్టి స్త్రీల స్థితిని డాక్టరు కామేశ్వరిగారు, డాక్టరు వింజమూరి ప్రకాశ్‌గారు పరిశోధించి 2009లో వెల్లడించిరి.

వైద్యులను నిందించుట నా యుద్దేశము కాదు. మందులకు లొంగని రక్తస్రావమునందును, క్యాన్సరునందును ఈ శస్త్రచికిత్స ప్రాణము నిలుపును. ముట్లుడిగిన తరువాత రక్తము కన్పించినచో ఒక్కదినమైనను జాగు చేయరాదు.

2023 ఏప్రిలు 5వ తేదీన సుప్రీంకోర్టు, అనవసరపు గర్భసంచి తొలగింపులను నివారించు కేంద్ర మార్గదర్శకములను మూడు మాసములలో అమలు జరుపవలెనని రాష్ట్రములను ఆదేశించినది. నలుబదియేండ్లు నిండని స్త్రీకి ఈ ఆపరేషను చేసినచో కారణముతోసహా తెలుపవలెననుట అందులోని దొకటి.

కనుక అప్పు తెచ్చుటకు ముందే అడుగుడు: తీయించుకొనకున్న నేమగును? మందులతో కొన్నినెలలు చూడవచ్చునా? అండాశయములనుకూడ తీయుదురా? పిదప ఆ కాగితమును మరియొక వైద్యురాలికి చూపుడు. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. కోరుట్ల సోదరీమణులకు జగిత్యాల బస్సులో చేరదగినంత దూరమే.