చిన్న కోతతో వెన్ను ఆపరేషన్



నాట్లు వేసే ఆడవాళ్లకు, బిందెలు మోసే ఆడవాళ్లకు నడుము నొప్పి కొత్త కాదు. "వెన్నుకు కోత పెడితే కాళ్లు పడిపోతాయట" అనే మాట కూడా కొత్త కాదు. ఆ భయంతోనే కొందరు ఆసుపత్రికి పోరు. ఆ మాటలో నిజమెంతో చూద్దాం.

వెన్నెముక ఒకే ఎముక కాదు. అందులో పూసలు ఒకదానిపై ఒకటి పేర్చినట్టు ఉంటాయి. పూసకూ పూసకూ నడుమ మెత్తని దిండు లాంటిది ఉంటుంది. దాని పేరు డిస్కు. డిస్కు అంచు చిట్లితే లోపలి గుజ్జు బయటికి వస్తుంది. పక్కనున్న నరాన్ని నొక్కుతుంది. అప్పుడు పిర్ర నుంచి పాదం దాకా నొప్పి లాగుతుంది. తిమ్మిరి ఎక్కుతుంది.

ఈ సంగతిని 1934లో అమెరికా డాక్టర్లు మిక్స్‌టర్, బార్ వివరంగా రాశారు. ఆ రోజుల్లో పెద్ద కోత పెట్టేవారు. కండను ఎముక నుంచి విడదీసేవారు. రోగి చాలా రోజులు మంచం మీదే ఉండేది. 1977 నాటికి మైక్రోస్కోపు వచ్చింది. అది చిన్న నరాన్ని పెద్దగా చూపిస్తుంది. దాంతో కోత చిన్నదయింది. 1997లో ఫోలీ, స్మిత్ అనే డాక్టర్లు సన్నని గొట్టంతో చేసే పద్ధతి చెప్పారు.

అదెలా చేస్తారు? ముందు ఎక్స్‌రేతో చోటు గుర్తిస్తారు. సుమారు రెండు సెంటీమీటర్ల కోత పెడతారు. సన్నని గొట్టం దించుతారు. దాని మీదుగా కాస్త లావుది, ఆపైన ఇంకా లావుది దించుతారు. జడ పాయలు విడదీసినట్టు కండ పక్కకు జరుగుతుంది. పెద్దగా తెగదు. గొట్టంలోంచి చూస్తూ, నరాన్ని నొక్కే ముక్కను తీసేస్తారు. చాలామంది ఆ రోజో మర్నాడో లేచి నడుస్తారు.

మరి కాళ్లు పడిపోవా? వెన్నుపాము నడుము పైభాగంలోనే ఆగిపోతుంది. కింది డిస్కుల దగ్గర విడి నరాలే ఉంటాయి. అందుకే అక్కడి ఆపరేషన్‌లో కాళ్లు పడిపోవడం చాలా అరుదు. అయినా ఏ ఆపరేషన్‌కైనా కొంత ప్రమాదం ఉంటుంది. చీము పట్టవచ్చు. నరం దెబ్బ తినవచ్చు. డిస్కు మళ్లీ చిట్లవచ్చు. ఏడాది తర్వాత చూస్తే చిన్న కోతకూ పెద్ద కోతకూ ఫలితం దాదాపు ఒకటే. చిన్న కోతతో రక్తం తక్కువ పోతుంది, తొందరగా ఇంటికి రావచ్చు. అంతే తేడా.

నడుము నొప్పి ఉన్నవాళ్లందరికీ ఆపరేషన్ అక్కరలేదు. డిస్కు నొప్పి చాలామందికి 6 నుంచి 12 వారాల్లో తగ్గుతుంది. మందులు వాడాలి. మంచం పట్టకుండా మెల్లగా నడవాలి.

కానీ ఒంటేలు ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మర్మస్థానం మొద్దుబారినా, కాలు బలం తగ్గుతున్నా ఆగవద్దు. అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి. ఆలస్యం చేస్తే ఆ నష్టం జీవితాంతం మిగిలిపోవచ్చు.

డాక్టరు ఆపరేషన్ అంటే ఈ మూడు ప్రశ్నలు రాసుకుని అడగండి. ఆపరేషన్ లేకుండా తగ్గదా? నాకు చిన్న కోత సరిపోతుందా? ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తిస్తుందా?

ఆపరేషన్‌కు ముందు ఒక కాగితం ఇస్తారు. ఒకప్పుడు దాని మీద వేలిముద్ర వేసేవారు. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. చదివి, తెలియనిది అడిగి, ఆ తర్వాతే సంతకం చేయండి.