చుక్కలో దాగిన అడవి



ఆధునిక చిత్రప్రదర్శనములలో తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు: "ఇది ఏమి బొమ్మ?" పటములో చెట్టు కనిపింపదు, ఏరు కనిపింపదు, మనిషి కనిపింపడు. క్రింది చీటీ చూచినచో "భూమి" అనియో, "అంకురము" అనియో వ్రాసి యుండును. చూడవచ్చినవాడు, చిత్రకారుడు తన్ను పరిహసించుచున్నాడేమో యని శంకించి, ప్రక్క పటమునకు సాగిపోవును. ఆ శంక తప్పు కాదు. కాని దానికి సమాధానము సిద్ధాంతములలో కంటె ఒక జీవితములో సులభముగా దొరకును. ఆ జీవితము సయ్యద్ హైదర్ రజాది.

రజా 1922 ఫిబ్రవరి 22వ తేదీన, నేటి మధ్యప్రదేశ్‌లోని మండ్లా జిల్లాలో, బాబరియా అను అడవిపల్లెలో జన్మించెను. తండ్రి అటవీశాఖలో డిప్యూటీ రేంజరు. సర్కారు ఏ అడవికి పంపిన ఆ అడవికి కుటుంబము వెంట నడువవలసినదే. బదిలీ యనగా ఎట్టిదో ఎరిగిన ఈ సభకు ఆ బాల్యమును వివరింప నక్కరలేదు. రాత్రివేళ అడవి ఆ బాలుని మిక్కిలి భయపెట్టెడిది. గోండుల నృత్యము కనబడినప్పుడే మనుష్యులు చేరువలో నున్నారను ధైర్యము కలిగెడిది. తెల్లవారినంతనే భయము తీరెడిది. సంతనాడు ఎండలో పల్లెయంతయు రంగులమయమై వెలిగెడిది. పెద్దవాడైన పిదప ఆయన ఈ జ్ఞాపకమును పలుమారులు చెప్పుకొనెను.

బడిలో ఆ బాలునికి నిలుకడ లేకుండెను. ఒకనాడు ఉపాధ్యాయుడు వరండా గోడమీద ఒక చుక్క పెట్టి, దానినే చూచుచు కూర్చుండుమని ఆజ్ఞాపించెను. పిల్లవాని మనస్సు నిలుపుటకు చేసిన ఆ చిన్న ఉపాయము ఫలించుటకు ఏబది యేండ్లు పట్టెను.

నాగపూరులోను, బొంబాయి జె. జె. కళాశాలలోను చదువు సాగినది. 1947లో సూజా, ఆరా, హుసేన్ మున్నగువారితో కలసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపును నెలకొల్పెను. దేశవిభజనానంతరము తోబుట్టువులు పాకిస్తానునకు తరలిపోయిరి. ఆయన మాత్రము కదలలేదు. 1948లో కాశ్మీరమున, ప్రఖ్యాత ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు కార్తియే బ్రెసాన్ ఆయన చిత్రములను చూచి, వీనిలో కట్టుబాటు కొరవడినది, సెజాన్‌ను పరిశీలింపుమని హితవు చెప్పెను. ఆ మాట మనస్సున నాటుకొనెను. 1950లో ఫ్రెంచి ప్రభుత్వ విద్యార్థి వేతనముపై రజా పారిస్ చేరెను.

అచ్చట ఆయన చిత్రించిన ఇండ్లు, కొండలు, చర్చి గోపురములు ఇటుకపై ఇటుక పేర్చినట్లు గట్టిగా నుండెడివి. 1956లో "ప్రి ద లా క్రితిక్" అను విమర్శకుల బహుమతి లభించెను; విదేశీయునికి అది దక్కుట అదే మొదలు. 1962లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున బోధింపబోయినప్పుడు రోత్కో చిత్రములు ఆయనను కదలించెను. క్రమముగా ఇండ్ల గోడలు కరగిపోయి, రంగు మాత్రమే మిగిలెను. అయినను ఆ రంగులు మంటవలెను, తడిమట్టివలెను, రాత్రివలెను తోచుచుండెను. ఆకారము పోయినది గాని ప్రకృతి పోలేదు.

పేరు వచ్చెను; పటములు అమ్ముడుపోవుచుండెను. కాని 1970 తరువాత ఒక వెలితి ఆయనను వేధింపసాగెను. చేయి పారిస్‌లో నేర్చినది. మరి ఈ పటములలో తనదైనది ఏది? ఈ ప్రశ్న వెంట ఆయన మరలమరల భారతదేశమునకు వచ్చెను. అజంతా, ఎల్లోరా, కాశి, రాజస్థానము, గుజరాతు తిరిగెను. 1978లో భోపాలున ఆయన చిత్రప్రదర్శనము జరిగినది. 1980 ప్రాంతమున పటము నడుమ నల్లని వృత్తము వచ్చి నిలిచెను. అది బడిగోడమీది చుక్క. అడవిలోని రాత్రియు అదియే. సకల వర్ణములు నలుపులోనే పుట్టునని ఆయన భావన. ఆ నలుపు చుట్టును ఎరుపు, పసుపు, నీలము, తెలుపు పంచభూతములవలె అమరెను. 1981 నాటి "మా" అను పటముపై ఆయన ఒక హిందీ కవితాపంక్తిని దేవనాగరిలో వ్రాసెను. అది దూరమున నున్న కొడుకు తల్లిని ఉద్దేశించి పలికిన మాట. 1983 నాటి "సౌరాష్ట్ర" 2010లో లండను వేలములో 16 కోట్ల రూపాయలకు పైగా పలికి పత్రికల కెక్కినది. కాని రజాను ఎరుగగోరువారు ఆ ధరను మరచి "మా" యెదుట నిలుచుటయే మేలు.

ఒకే చుక్కను ఎన్నిమారులు వేయుట యని ఆక్షేపించినవారును కలరు. చివరి సంవత్సరముల పటములన్నియు సమానములనుట ముఖస్తుతి యగును. ఆయన మాత్రము దానిని జపముతో పోల్చుకొనెను. ఈ మాట తెలుగువారికి వింత కారాదు. వేకువనే కళ్ళాపి చల్లిన వాకిట తల్లి చుక్కలు పెట్టి, వాని చుట్టును గీత త్రిప్పును. ఇది ఏమి బొమ్మ యని ఎవ్వరును అడుగరు. నిన్న వేసితివి గదా, నేడేల యనియు అడుగరు. గాయకుడు సాహిత్యము లేకయే తోడి నాలపించినప్పుడు అర్థమేమని నిలదీయువారు లేరు. చెవికి ఇచ్చు ఆ స్వేచ్ఛను కంటికిని ఇచ్చినచో, పటము తనంతట తానే పలుకును.

అరువదియేండ్ల ఫ్రాన్సు నివాసములో రజా భారత పౌరుడుగానే యుండెను. 2002లో భార్య జానీన్ మరణించెను. 2010 చివర ఆయన ఢిల్లీకి తిరిగివచ్చి, తొంబదియేండ్లు దాటియు కుంచె విడువలేదు. 2016 జూలై 23న కన్నుమూయగా, ఆయన కోరిక ప్రకారము మండ్లాలో తండ్రి సమాధి ప్రక్కనే ఖననము చేసిరి. 2023లో పారిస్‌లోని పాంపిదూ కేంద్రము ఆయన చిత్రములతో పెద్ద ప్రదర్శనము జరిపినది.

ఉద్యోగరీత్యా ఊరు విడిచినవారికి ఊరేమి మిగులునను చింత ఈ సభలో చాలమందికి కొత్త కాదు. క్వార్టర్లలో పెరుగుచున్న పిల్లలకు గోదావరి గట్టును, పాలమూరు ఎండయు సెలవులలో చూచిన దృశ్యములు మాత్రమే. ఢిల్లీలోని జాతీయ ఆధునిక చిత్రకళాశాలలో రజా చిత్రములు కలవు. ఒక ఆదివారము ఆ పిల్లలను వెంటబెట్టుకొని పోవచ్చును. ఇది ఏమి బొమ్మ యని వారిని అడుగక, దీనిని చూడగా ఏమి జ్ఞాపకము వచ్చుచున్నదని అడుగవచ్చును. పిల్లలు చెప్పిన పిదప, పెద్దలును తమకు జ్ఞాపకము వచ్చినది చెప్పవలెను.