పదో తరగతి దాటిన తరువాత



యువతలోని ప్రతిభను పెంపొందించుట గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్ములను కోరియున్నారు. ప్రతిభ అనగానే మనకు మార్కులే గుర్తొస్తాయి. ఎక్కువ మార్కులొచ్చిన పిల్లలకు బహుమతులిచ్చి, ఫోటో తీయించి ఇంటికి పంపుతున్నాం. మంచిదే. మరి ఆ పిల్లవాడు మర్నాడు ఏ కాలేజీలో ఏ గ్రూపులో చేరాలో ఎవరు చెప్తున్నారు?

మేము ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. పదో తరగతి దాకా "ముసల్లస్", "జావియా" అని రేఖాగణితం చదివిన పిల్ల ఇంటర్లో "ట్రయాంగిల్", "యాంగిల్" వినేసరికి కలం ఆపేస్తుంది. ఆమెకు లెక్క రాక కాదు, మాట తెలియక. వేసవి సెలవుల్లో ఒక నోటు పుస్తకంలో ఉర్దూ మాట, తెలుగు మాట, ఇంగ్లీషు మాట పక్కపక్కన రాయిస్తే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. ఖర్చు ఒక్క నోటు పుస్తకమే! చెప్పేందుకు ఇంటర్ చదువుతున్న మన పిల్లలే చాలు.

అవకాశాలు దూరాన లేవు. నూజివీడు ట్రిపుల్ ఐటీ 2008లో వచ్చింది; పదో తరగతి మార్కులతోనే సీటు. తాడేపల్లిగూడెంలో నిట్ 2015లో మొదలైంది. పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం కలదు. పదో తరగతి చదివినవారికి డిప్లొమా కోర్సులు కూడా దాని కిందే ఉన్నవి. ఆ గోడల పక్కనుంచి రోజూ బస్సులో పోతూ, అవి మనవి కావనుకొనేవారే ఎక్కువ. 2007 చట్టం ప్రకారం బి.సి.-ఇ కింద మనలో కొన్ని వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఉన్నది. కాని కుల ధ్రువపత్రం కోసం అడ్మిషన్ల వారంలో పరుగెత్తేవారు కోకొల్లలు. అదేదో ముందే తెచ్చి పెట్టుకోకూడదా?

ఆడపిల్లల సంగతీ ఇంతే. క్లాసులో ముందుంటారు, కాలేజీకి బస్సెక్కాలనగానే ఆగిపోతారు. ఒకే వీధి పిల్లలు ముగ్గురిని కలిపి పంపితే తల్లిదండ్రులు ఒప్పుకొంటారు. ఆ ముగ్గురినీ కలిపేవారే లేరు.

ఇక నాయకత్వ శిక్షణ. ఇదేదో పెద్ద హోటల్లో ఇంగ్లీషులో చెప్పే పాఠమని భయపడనక్కరలేదు. మన ఏలూరు తివాచీ తీసుకోండి. ఉస్తాద్ పక్కన మగ్గం ముందు కూర్చుని ముడివేయడం నేర్చినవాడే తరువాత ఉస్తాద్ అయ్యాడు. ఉన్ని పాడుచేస్తాడని వాడికి పని ఇవ్వకపోతే ఆ విద్య ఒక్క తరంతోనే ఆగిపోయేది. నేడు మగ్గాలు తగ్గిపోయాయి, అది వేరే బాధ. నేర్పే పద్ధతి మాత్రం గొప్పది.

మరి మన సొసైటీలో కుర్రవాళ్ళకిస్తున్న పనేమిటి? కుర్చీలు వేయడం, టీ అందించడం. (బిర్యానీ వడ్డించడం కూడాననుకోండి.) జమాఖర్చుల పుస్తకం మాత్రం పెద్దల బీరువా దాటదు. కొల్లేటి చెరువుల దగ్గర చేపల పెట్టెల లెక్క కాగితం లేకుండా నోటితో ఒప్పజెప్పే కుర్రవాళ్ళు మనలో ఉన్నారు. 2006లో అభయారణ్యంలోని చెరువుగట్లు కొట్టివేసినప్పుడు, ఆ పనే నమ్ముకున్న వాళ్ళకు మరో దారి చూపినవారు లేకపోయారు. అటువంటి కుర్రవాడికి మన లెక్కల పుస్తకం ఒక్క ఏడాది అప్పగించలేమా? తప్పు రాస్తే కోశాధికారిగారు పక్కనే ఉండి దిద్దుతారు. తహసీల్దారు ఆఫీసుకు అర్జీ రాయడం, పదిమందిలో లేచి మాట్లాడడం, కాదన్నవాడికి ఓపికగా జవాబు చెప్పడం ఇలాగే వస్తాయి.

పెద్దలు కోపగించుకోకపోతే ఒక్క మాట. ఈ ఏడు కార్యవర్గంలో రెండు స్థానాలు పాతికేళ్ళలోపు వారికివ్వండి, అందులో ఒకటి ఆడపిల్లకు. అలాగే ఇక్కడున్న చదువుకున్నవారు ఒక్కొక్కరు ఒక్క పదో తరగతి విద్యార్థి బాధ్యత తీసుకోవాలి. ధ్రువపత్రం మొదలు కాలేజీలో చేరేదాకా. పేర్లు రాసేందుకు కాగితం కార్యదర్శిగారి బల్లమీద పెట్టించాం. భోజనాలకు లేచేముందు అటు ఒకసారి రండి.