తెర మీది ‘వద్దు’, తెర వెనుక ‘వద్దు’
(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు నేను మాట్లాడబోయే విషయం కొందరికి ఇబ్బందిగా అనిపించవచ్చు. జపాన్‌లో ‘పెద్దలకు మాత్రమే’ అంటూ తీసే వీడియో చిత్రాల్లో ఒక రకం ఉంది. పిల్లల టీవీ సీరియళ్ళలోని వీరవనితలాగే ఇందులో కథానాయిక రంగు దుస్తులు, శిరస్త్రాణం ధరించి దుర్మార్గులతో పోరాడుతుంది. పోరాడి ఓడిపోతుంది. ఆ ఓటమినే లైంగిక దృశ్యంగా మార్చి అమ్ముతారు. ఎక్కడో జపాన్‌లో తీసే చవకబారు వీడియోల గురించి మనకెందుకు అనుకోకండి. స్త్రీ సమ్మతి అంటే ఏమిటి, దాన్ని చట్టం ఎలా చూడాలి అన్న ప్రశ్న ఇక్కడ చాలా స్పష్టంగా ముందుకొస్తుంది.

ముందుగా ఈ వీరవనిత ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. స్పెషల్ ఎఫెక్టులతో తీసే చిత్రాలను జపాన్‌లో ‘తొకుసాత్సు’ అంటారు. 1954లో ‘గాడ్జిల్లా’, 1966లో ‘అల్ట్రామన్’, 1971లో ‘కామెన్ రైడర్’ వచ్చాయి. 1980లలో మన పిల్లలు దూరదర్శన్‌లో చూసిన ‘జెయింట్ రోబోట్’ కూడా ఆ కోవలోదే. 1975లో మొదలైన ‘గోరెంజర్’లో అయిదుగురు వీరులుంటే వారిలో స్త్రీ ఒక్కతే. ఆమెకిచ్చింది గులాబీ రంగు. అదే ఏడాది వచ్చిన ‘కామెన్ రైడర్ స్ట్రాంగర్’లో టాకిల్ అనే యువతి కథానాయకుడి పక్కన నిలబడి పోరాడుతుంది. అయినా ఆమెకు ‘రైడర్’ అన్న పేరు దక్కలేదు. కథ ముగియకముందే ఆమె చనిపోతుంది. ‘రైడర్’ అనిపించుకున్న స్త్రీ 2002 నాటి సినిమాలో గాని కనిపించలేదు. మరో విచిత్రం ఏమిటంటే, ముసుగు వేసుకున్నాక ఆ గులాబీ దుస్తుల్లో ఫైటింగ్ చేసేది చాలాసార్లు మగ నటుడే!

అయినా పిల్లల సీరియల్లో ఆమె ఆపదలో పడినా చివరికి లేచి నిలబడుతుంది. పెద్దల పేరడీ చేసే పని ఒక్కటే. ఆపదను సాగదీసి, గెలుపును కత్తిరించేస్తుంది. బలమున్న ఆడదాన్ని లొంగదీయడంలో ఆనందం ఎవరికి, ఎందుకు అన్నది మనకు కొత్త ప్రశ్న కాదు. ఎదురు తిరిగిన ఆడదాని పొగరు అణచడం మన సినిమాలు కూడా ఎన్నోసార్లు చూపించాయి.

‘ఇదంతా ఊహే కదా, రబ్బరు రాక్షసుల్ని చూసి నవ్వుకునేవాళ్ళూ ఉంటారు కదా’ అని కొందరంటారు. ఊహల మీద పోలీసుల్ని పెట్టమని నేనూ అనను. నేను అడిగేది ఆ దుస్తుల్లో ఉన్న మనిషి గురించి. ఈ కథల్లో నాయిక ‘వద్దు’ అనడమే స్క్రిప్టు. పెనుగులాడటమే నటన. అలాంటి చోట ఆ నటి నిజంగానే ‘వద్దు’ అంటే ఎవరికి వినబడుతుంది? అది వినబడాలంటే కెమెరా ముందుకు రాకముందూ, వెళ్ళిపోయిన తర్వాతా ఆమెకు హక్కులుండాలి.

చాలాకాలం జపాన్ చట్టం ఈ ప్రశ్న అడగలేదు. ఆ దేశపు శిక్షాస్మృతి 175వ సెక్షన్ అశ్లీలతను నిషేధిస్తుంది. అందుకే వీడియోల్లో మర్మాంగాలను మసకచేస్తారు. చూసేవాడి కంటికి ఏది కనబడకూడదో చట్టం చెప్పింది గాని, నటించిన ఆమె ఇష్టపడి వచ్చిందా లేదా అన్నది దానికి పట్టలేదు.

ఈ విషయం బయటపడింది ఒక యువతి ధైర్యం వల్ల. మోడలింగ్ అని చెప్పి తీసుకెళ్ళి ఆమెను అశ్లీల వీడియోల్లోకి దించారు. ఇక నటించనన్నందుకు కంపెనీ ఆమె మీద 2 కోట్ల 46 లక్షల యెన్‌లకు దావా వేసింది. ఇష్టం లేని స్త్రీ చేత బలవంతంగా చేయించదగిన పని కాదిది అని 2015 సెప్టెంబరులో టోక్యో జిల్లా కోర్టు ఆ దావాను కొట్టేసింది. 2016 మార్చిలో ‘హ్యూమన్ రైట్స్ నౌ’ సంస్థ ఇలాంటి బలవంతాల మీద నివేదిక విడుదల చేసింది. తర్వాత 2022 ఏప్రిల్‌లో మేజారిటీ వయసును 20 నుంచి 18కి తగ్గించారు. అప్పటిదాకా 18, 19 ఏళ్ళ పిల్లలకు, పెద్దల అనుమతి లేని ఒప్పందాన్ని రద్దు చేసుకునే వీలుండేది. అది పోయింది. మహిళా సంఘాలు ఆందోళన చేశాయి. ఆ జూన్‌లోనే కొత్త చట్టం వచ్చింది.

ఆ చట్టం ప్రకారం ఏ వయసు వారికైనా రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. ఒప్పందానికీ షూటింగుకూ మధ్య 1 నెల, షూటింగుకూ విడుదలకూ మధ్య 4 నెలలు గడువుండాలి. సంతకం పెట్టినా ఇష్టం లేని పని చేయనని చెప్పవచ్చు. అందుకు నష్టపరిహారం అడగకూడదు. విడుదలైన తర్వాత కూడా 1 ఏడాదిలోపు ఏ కారణమూ చెప్పకుండా ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. అప్పుడు అమ్మకం ఆపాల్సిందే.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. తమను అడక్కుండా హడావుడిగా చట్టం చేశారనీ, ఉన్న పని పోయిందనీ ఈ వృత్తిలోని కొందరు స్త్రీలే నిరసన తెలిపారు. వారిని శత్రువులుగా చూడకూడదు. బాధితుల మాటా, పని చేసుకుంటున్నవారి మాటా రెండూ వినకుండా చేసే చట్టం సగం చట్టమే.

మన దగ్గర 1986లో స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం వచ్చింది. అది కూడా ప్రధానంగా బొమ్మ ఎలా ఉందని అడుగుతుంది గాని, బొమ్మలోని స్త్రీ ఒప్పుకుందా అని కాదు. పోస్టర్ల మీద తారు పూసిన ఉద్యమ చరిత్ర మనది. ఆ కోపం న్యాయమైనదే. కాని పోస్టరులోని స్త్రీ దగ్గరకు వెళ్ళి ‘నీ ఒప్పందంలో ఏం రాసుందమ్మా? వద్దంటే నిన్నేం చేస్తారు?’ అని మనం ఎన్నిసార్లు అడిగాం?

వీడియోల్లోనైనా, సినిమా షూటింగుల్లోనైనా, రికార్డింగ్ డాన్సుల్లోనైనా పని చేసే స్త్రీ మన దగ్గరకు వస్తే, ఆమె శీలం గురించి కాదు, ఆమె ఒప్పందం గురించి మొదట అడుగుదాం. రాతకాగితం, ఆలోచించుకునే గడువు, వెనక్కి తగ్గే హక్కు, ఈ మూడూ ఆమెకు ఉన్నాయా అని చూద్దాం. లేకపోతే వాటి కోసం ఆమెతో కలిసి కొట్లాడదాం.